‘విల్నియస్ పోకర్’ని మధ్యలో వదిలేయకుండా చదవాలంటే

ముందే చెప్పేస్తున్నా, ఈ నవల చదవడం కష్టమే. భాష కష్టం కాదు, కథ చెప్పేవాణ్ణి నమ్మాలో వద్దో తేలకపోవడమే కష్టం. లిథువేనియా (బాల్టిక్ సముద్ర తీరాన చిన్న దేశం, విల్నియస్ దాని రాజధాని) రచయిత రిచర్దాస్ గావెలిస్ రాసిన ఈ పుస్తకం ఇంగ్లిష్‌లో దాదాపు 500 పేజీలుంటుంది, అందులో సగానికి పైగా ఒకే మనిషి బుర్రలో గడుస్తుంది, ఆ మనిషికి పిచ్చి పట్టిందో లేక ఊరంతటికీ పట్టి అతనొక్కడే తెలివిలో ఉన్నాడో ఎవరూ తేల్చి చెప్పరు. అక్కడే విసుగొచ్చి పక్కన పెట్టేయాలనిపిస్తుంది. కానీ అసలు ఆట మొదలయ్యేది రెండో మనిషి నోరు తెరిచాక. అందుకని అక్కడిదాకా ఎలా చేరాలి, చేరాక ఏం చూడాలి, ముందు ఏం తెలుసుకుని ఉంటే మంచిది, ఇవన్నీ ఒకచోట రాస్తున్నాను. హంతకుడెవరో లాంటివి మాత్రం బయటపెట్టను, నిశ్చింతగా చదవండి.

ముందు మనిషి గురించి కాస్త

గావెలిస్ 1950లో విల్నియస్‌లో పుట్టాడు, 2002లో అదే ఊళ్లో చనిపోయాడు, యాభై రెండేళ్లు కూడా నిండలేదు. విల్నియస్ యూనివర్సిటీలో థియరిటికల్ ఫిజిక్స్ చదివాడు, 1973లో చదువు ముగించి కొన్నేళ్లు లిథువేనియా సైన్స్ అకాడమీ వాళ్ల ఫిజిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశాడు, ఆ తర్వాత పత్రికల వైపు వచ్చేశాడు. మొదటి కథల సంపుటి 1976లో వచ్చింది. ఈ ఫిజిక్స్ సంగతి ఎందుకు చెబుతున్నానంటే నవలలోని ప్రధాన పాత్ర తన భయాన్ని కూడా ఒక పరిశోధనలా నడుపుతాడు. ఒక ఊహ చేస్తాడు, ఆధారాలు వెతుకుతాడు, దొరికిన ప్రతిదాన్నీ ఆ ఊహలోకి ఇమిడిస్తాడు. లాబ్‌లో పనిచేసిన మనిషి మాత్రమే అంత ఓపిగ్గా రాయగలిగిన పిచ్చి అది అని నాకనిపిస్తుంది.

లిథువేనియా సోవియట్ దేశంలో భాగంగా ఉన్న కాలంలో అచ్చు కావాలంటే ప్రతి అక్షరం సెన్సారు దాటి రావాలి. అందుకని అక్కడి రచయితలు తాము చెప్పదలచుకున్నదాన్ని ఏ పాత గాథలోనో, పేరు లేని ఏ దేశంలోనో పెట్టి చుట్టుతిప్పి చెప్పేవాళ్లు, పాఠకులు రాయని అర్థాన్ని పంక్తుల మధ్య చదువుకునేవాళ్లు. గావెలిస్ తొలి కథల్లో కూడా ఆ పద్ధతి ఉంది. ‘విల్నియస్ పోకర్’కి వచ్చేసరికి ఆ ముసుగు తీసి పారేశాడు. ఊరు పేరు విల్నియస్, కాలం 1970లు, సోవియట్ నాయకుడు బ్రెజ్నెవ్ రోజులు, లేబర్ క్యాంపు (ఖైదీల చేత చాకిరీ చేయించే చోటు) అంటే లేబర్ క్యాంపే, చిత్రహింస అంటే చిత్రహింసే. అలాంటిది అచ్చవుతుందన్న ఆశ పెట్టుకునే వీలే లేని రోజుల్లో, 1979లో మొదలుపెట్టి 1987 దాకా రహస్యంగా రాస్తూ, రాసిన కాగితాల్ని స్నేహితుల దగ్గర దాస్తూ వచ్చాడు. 1989లో సెన్సారు పట్టు సడలాక పుస్తకం బయటికొచ్చింది, వచ్చీ రాగానే పెద్ద దుమారం రేగింది, విపరీతంగా అమ్ముడుపోయింది కూడా.

ఇక్కడొక్క విషయం పట్టుకోండి, పుస్తకమంతా దీనిమీదే నిలబడి ఉంది. 1989 ఆగస్టు 23న విల్నియస్ నుంచి లాత్వియా రాజధాని రిగా మీదుగా ఎస్తోనియా రాజధాని తాల్లిన్ దాకా 600 కిలోమీటర్లకు పైగా జనం చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు, బాల్టిక్ దారి అంటారు దాన్ని. దేశమంతా ఒక్కటై మేం మంచివాళ్లం, మమ్మల్ని మింగినవాళ్లు చెడ్డవాళ్లు అని గట్టిగా చెప్పుకుంటున్న సంవత్సరం. అదే సంవత్సరం ఈయన పుస్తకం వచ్చి, మింగినవాళ్ల సంగతి సరే, యాభై ఏళ్ల భయం మనలోపల ఏం మిగిల్చిందో చూసుకున్నామా అని అడిగింది. మాస్కోని తిట్టడం ఆ రోజుల్లో కొత్తేమీ కాదు, జనమంతా ఆ పనే చేస్తున్నారు. సొంతవాళ్లు సంబరంలో ఉన్నప్పుడు వాళ్లకే అద్దం చూపించడం తిరుగుబాటు. గావెలిస్‌ని తిరుగుబాటు రచయిత అంటే నేను అర్థం చేసుకునేది ఇలా, సెన్సారుని ఎదిరించడం అందులో సగమే.

చదివే ముందు ఒక సాయంత్రం చరిత్రకి ఇవ్వండి

పెద్ద పుస్తకాలేం అక్కర్లేదు, ఒక సాయంత్రం చాలు. కానీ అది మాత్రం వదలొద్దు, ఎందుకంటే గావెలిస్ ఏదీ వివరించడు, తన పాఠకులకి అన్నీ తెలుసనే ధీమాతో రాశాడు.

మొదట విల్నియస్ సంగతి. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఈ ఊరు పోలండ్ చేతిలో ఉంది, అప్పుడు లిథువేనియా పాలన కౌనాస్ నుంచి నడిచేది. ఊళ్లో ఎక్కువమంది పోలిష్ వాళ్లు, యూదులు, లిథువేనియన్లు చాలా కొద్దిమంది. యూదు విద్యకి పెద్ద కేంద్రం కాబట్టి లిథువేనియా జెరూసలేం అనేవాళ్లు. 1939 అక్టోబరులో ఊరు లిథువేనియాకి వచ్చింది, 1940 జూన్‌లో సోవియట్ సైన్యం వచ్చింది, 1941 జూన్ నెల మధ్యలో వేలమందిని రైళ్లలో సైబీరియాకి తరలించారు, ఆ నెల గడవకముందే జర్మన్లు వచ్చారు. ఊరి బయట పనేరియాయ్ అడవిలో పదుల వేలమందిని కాల్చి చంపారు, వాళ్లలో అత్యధికులు విల్నియస్ యూదులు, ఆ హత్యల్లో స్థానికుల చేయి కూడా ఉంది. 1944లో సోవియట్లు మళ్లీ వచ్చారు, పోలిష్ వాళ్లలో చాలామందిని పోలండ్‌కి పంపేశారు. అంటే పదేళ్లు తిరక్కుండా ఒక రాజధాని తన మనుషుల్ని దాదాపు మొత్తంగా పోగొట్టుకుంది. ఖాళీ అయిన ఇళ్లలోకి పల్లెల నుంచి, సోవియట్ దేశం నలుమూలల నుంచి కొత్తవాళ్లు వచ్చి చేరారు. గావెలిస్ పెరిగింది ఆ ఊళ్లో. ఊరే ఏదో మర్చిపోయినట్టు, ఏదో దాస్తున్నట్టు నవలలో కనిపిస్తుందంటే కారణం ఇదే.

తర్వాత తెలియాల్సినవి రెండు. యుద్ధం అయ్యాక లిథువేనియా అడవుల్లో గెరిల్లాలు 1953 ప్రాంతం దాకా పోరాడారు, వాళ్లకి అన్నం పెట్టారన్న అనుమానం మీద కూడా కుటుంబాల్ని సైబీరియా పంపారు. నవలలో ముఖ్య పాత్ర క్యాంపు నుంచి తిరిగొచ్చిన తరం మనిషి. రెండోది, 1972 మేలో కౌనాస్‌లో రోమాస్ కలాంతా అనే పంతొమ్మిదేళ్ల కుర్రాడు బహిరంగంగా తనకు తాను నిప్పంటించుకున్నాడు, వీధుల్లో రెండు రోజులు గొడవలు, ఆ తర్వాత ప్రభుత్వం ఇంకా గట్టిగా బిగించింది. నవల నడిచేది ఆ బిగింపు తర్వాతి సంవత్సరాల్లో. పెద్ద ఎత్తున చంపడాలు లేవు, అరెస్టులు కూడా తక్కువే, కానీ ఎవరూ ఎవరితోనూ నిజం మాట్లాడరు. ఈ గాలాడని వాతావరణం తెలియకపోతే పాత్రల భయం అతిగా అనిపిస్తుంది.

చివరిగా ఒక గాథ. ఒకప్పుడు లిథువేనియాని ఏలిన గ్రాండ్ డ్యూక్ గెదిమినాస్ వేటకొచ్చి కొండ దగ్గర పడుకుంటే, కొండమీద ఇనుప తోడేలు ఒకటి వంద తోడేళ్ల గొంతుతో ఊళ వేస్తున్నట్టు కల వచ్చిందట, ఇక్కడ లోకమంతా మార్మోగే నగరం కట్టమని పూజారి అర్థం చెప్పాడట. విల్నియస్ పుట్టుక అలా చెప్పుకుంటారు. ఊరి పేరు రాతలో కనిపించేది 1323 నాటి గెదిమినాస్ ఉత్తరాల్లో. ఆ కొండమీద ఇప్పటికీ ఆయన పేరుతో బురుజు ఉంది, దేశానికి అదే గుర్తు. నవల మొదలుపెట్టే ముందు దాని ఫొటో ఒకటి చూసి పెట్టుకోండి.

ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి

ఇంగ్లిష్‌లో గావెలిస్ నవలలు మూడు దొరుకుతాయి. ‘విల్నియస్ పోకర్’ ఎలిజబెత్ నోవిత్స్కాస్ అనువాదంలో 2009లో వచ్చింది. ‘మెమొయిర్స్ ఆఫ్ ఎ లైఫ్ కట్ షార్ట్’ జేడ్ విల్ అనువాదం, 2018. చివరి నవల ‘సన్-జూస్ లైఫ్ ఇన్ ది హోలీ సిటీ ఆఫ్ విల్నియస్’ మళ్లీ నోవిత్స్కాస్ చేతిమీదుగానే 2019లో వచ్చింది.

నా సలహా, పెద్దదానికి ముందు ‘మెమొయిర్స్’ చదవండి. చిన్నది, ఒక గొంతే, నేరుగా నడుస్తుంది. లియోనాస్ త్సిపారిస్ అనే కుర్రాడు చనిపోయాక అవతలి నుంచి తనకి దారి చూపిన మనిషికి ఉత్తరాలు రాస్తుంటాడు. పేదరికంలో పుట్టినవాడు సోవియట్ వ్యవస్థలో ఒక్కో మెట్టూ ఎక్కుతూ, ప్రతి మెట్టు మీదా తనలోంచి ఒక ముక్క వదిలేసి వెళ్లడం అందులో కథ. ఎవరూ అతన్ని కొట్టరు, బలవంతమూ చేయరు, అంతా మర్యాదగానే జరిగిపోతుంది. ఇది చదివాక గావెలిస్‌కి ఏది భయమో అర్థమవుతుంది, పెద్ద నవలలో అదే భయం పదింతలై ఎదురైనప్పుడు గుర్తుపడతారు. నేరుగా పెద్దదానిలోకే దూకేవాళ్లని ఆపను గానీ, వారం ఆలస్యమైనా ఈ దారే మేలు.

అసలు పుస్తకంలోకి

నాలుగు భాగాలు, నలుగురు మనుషులు. నలుగురు అనడం కూడా పూర్తిగా సరి కాదు, నాలుగోది కుక్క.

మొదటి భాగం వీతౌతాస్ వర్గలీస్‌ది. క్యాంపు చూసొచ్చినవాడు, ఒక లైబ్రరీలో ఉద్యోగం. ‘వాళ్లు’ అనేవాళ్లున్నారని, మనుషుల్లోంచి ఆలోచించే శక్తినీ ప్రేమించే శక్తినీ పీల్చేస్తున్నారని, చరిత్ర పొడవునా ఇదే జరుగుతోందని అతని నమ్మకం. అలా లోపల ఖాళీ అయిపోయినవాళ్లకి కనుక్‌లు అని పేరు పెట్టుకున్నాడు. లైబ్రరీలో పుస్తకాల మధ్య ‘వాళ్ల’ జాడలు వెతుకుతుంటాడు. లొలీతా అనే సహోద్యోగిని మీద విపరీతమైన ప్రేమ, అంతే విపరీతమైన అనుమానం.

ఈ భాగం చదవడంలో చాలామంది ఇరుక్కునే చోటు ఒకటుంది, ‘వాళ్లు’ ఎవరు అన్న ప్రశ్నకి జవాబు కోసం చూడటం. సోవియట్ రహస్య పోలీసు కేజీబీనా, కమ్యూనిస్టులా, లేక నిజంగానే ఏదో వింత జీవులా? ఆ ప్రశ్నని పక్కన పెట్టి, ‘వాళ్లు’ ఉన్నారని నమ్మడం వల్ల ఇతనికి ఏం దక్కుతోంది అని చూస్తూ చదవండి. చుట్టూ ఉన్న జనం ఎందుకిలా చచ్చుబడిపోయారు అన్న దానికి ఒక కారణం దొరుకుతోంది. తను పడినదానికి ఒక అర్థం దొరుకుతోంది. వేరే ఏ వివరణా అంత హింసకి సరిపోనప్పుడు మనిషి ఇలాంటిదే కట్టుకుంటాడు. అలా చూడటం మొదలుపెట్టాక పేజీలు బరువుగా ఉండవు, అతని మీద జాలీ భయమూ రెండూ కలుగుతాయి.

వేగం విషయానికొస్తే, రోజుకి ముప్పై పేజీలకి మించొద్దు, తగ్గినా ఫర్వాలేదు. వర్తమానం, క్యాంపు, చిన్నతనం, కల, అన్నీ హెచ్చరిక లేకుండా ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి జారిపోతాయి. ఎక్కడున్నామో తెలియకపోతే వెనక్కి వెళ్లి వెతకొద్దు, రెండు పేజీలు ముందుకెళ్తే తెలిసిపోతుంది. చరిత్ర పొడవునా ‘వాళ్ల’ కుట్రని తవ్వే చోట్ల విసుగొస్తే కళ్లు పరిగెత్తించండి, పెద్దగా పోయేదేం లేదు. క్యాంపు పేజీలు, కుటుంబం పేజీలు, లొలీతా కనిపించే ప్రతి చోటూ మాత్రం నిదానంగా చదవండి.

పక్కన ఒక కాగితం పెట్టుకోండి. పాత్రల వివరాలన్నీ రాసుకోవడానికి కాదు, మూడంటే మూడు విషయాలకి: లొలీతాకి ఏం జరిగింది, వర్గలీస్ గతం ఏమిటి, గెదిమినాస్ (డ్యూక్ కాదు, నవలలో ఆ పేరున్న పాత్ర) ఎలా చనిపోయాడు. ఒక్కో దాని కింద ఎవరు ఏం చెప్పారో ఒక ముక్క రాసుకుంటూ పోండి. మొదటి భాగంలో ఇది అనవసరపు శ్రమలా ఉంటుంది. రెండో భాగంలో మార్తీనాస్ పోష్కా వచ్చి అదే కాలాన్ని, అవే మనుషుల్ని తన నోట్సులో పెట్టడం మొదలుపెట్టగానే ఆ కాగితం విలువ తెలుస్తుంది. అదే లైబ్రరీలో పనిచేసేవాడు, వర్గలీస్ స్నేహితుడు, కాస్త ఎడంగా నిలబడి చూసే రకం. తన నోట్సుకి మ్లాగ్ అని తనే పేరు పెట్టుకున్నాడు. హమ్మయ్య, తెలివిగా మాట్లాడే మనిషి దొరికాడు అని ఊపిరి పీల్చుకుంటాం. అలా పీల్చుకునేలా చేయడమే గావెలిస్ ఎత్తు. పోష్కా చెప్పే నిజాలు వర్గలీస్ చెప్పినవాటితో అతకవు, ఆ తర్వాత మూడో మనిషి చెప్పేవి ఈ ఇద్దరివాటితోనూ అతకవు.

ఆ మూడో మనిషి స్తెఫానియా మోన్కెవిచ్. అంతవరకూ మగాళ్ల కథల్లో ఒక మూల కనిపించి పోయిన ఆడమనిషి. విల్నియస్ చుట్టుపక్కల పల్లెల్లో, మీరు పోలిష్ వాళ్లా బెలారుస్ వాళ్లా లిథువేనియన్లా అంటే మేం ఇక్కడివాళ్లం అని మాత్రమే చెప్పే జనం ఉంటారు, ఈమె వాళ్లలో ఒకతె, ఆ భాగం పేరు కూడా అదే మాట. చదువుకున్న మగవాళ్లిద్దరూ జాతి, చరిత్ర, తత్వం అంటూ వందల పేజీలు మాట్లాడాక, వాళ్ల పక్కనే పనిచేస్తూ వాళ్ల లెక్కలోకి రాని మనిషి వచ్చి తను చూసింది చెబుతుంది. నవలలో నాకు అన్నిటికంటే బలమైనది ఈ చిన్న భాగమే. తొందరపడకండి, వీలైతే ఒకే కూర్చున్నపాటున చదవండి.

నాలుగోది గెదిమినాస్ ర్యౌబా. లెక్కల మనిషి, జాజ్ పియానో వాయించేవాడు, చనిపోయాక కుక్కై విల్నియస్ వీధుల్లో తిరుగుతుంటాడు. ఊరు కట్టిన డ్యూక్ పేరున్నవాడు కుక్క అయ్యాడు. పిచ్చిలో పడిన మొదటివాడి పేరు వీతౌతాస్, అది 1410లో ట్యుటానిక్ (జర్మన్ క్రూసేడర్ల) సైన్యాన్ని ఓడించిన గ్రాండ్ డ్యూక్ పేరు. ఇనుప తోడేలు ఊళ వేసిన చోట ఇప్పుడొక వీధికుక్క వాసన చూసుకుంటూ పోతోంది. గాథ ముందే తెలుసుకోమన్నది ఇందుకే. నవలలో ఆ గెదిమినాస్ బురుజు కూడా గర్వంగా నిలబడదు, పొట్టిగా మొండిగా, చేవ చచ్చిన మగతనానికి గుర్తుగా మళ్లీ మళ్లీ వస్తుంది. దేశపు గుర్తు గురించి అలా రాయడం, అదీ స్వాతంత్ర్యం కోసం వీధులు నిండిపోయిన రోజుల్లో అచ్చు వేయడం ఎంత తెగింపో ఆలోచించండి.

నాలుగూ అయ్యాక కాగితం తీసి చూస్తే మూడు ప్రశ్నలకీ ఒక్కో దానికి రెండు మూడు జవాబులుంటాయి. వాటిలో సరైనదేదో పట్టుకోవాలని కూర్చోకండి. పోకర్ అనే పేకాటలో ఎదుటివాడి ముక్కలు మనకి కనపడవు, ముఖం చూసి ఊహించాల్సిందే, ఆ ముఖం కూడా అబద్ధం చెప్పొచ్చు. నిజం మాట్లాడితే శిక్ష పడే చోట స్నేహితులూ ప్రేమికులూ కూడా అలాగే బతికారు. ఆ అనుభవాన్ని మనకి వివరించకుండా మనమే పడేలా చేశాడు గావెలిస్, నాలుగు భాగాల నిర్మాణం అందుకే.

ఇబ్బంది పెట్టేవి

ఇవి దాచడం తప్పు. లైంగిక హింస ఉంది, చిత్రహింసల వర్ణనలు ఉన్నాయి, శరీరాల గురించి అసహ్యం పుట్టేంత వివరంగా రాశాడు. ఆ రోజు మనసు బాగోకపోతే క్యాంపు పేజీలు మొదలుపెట్టకండి. ఇంకొకటి, మొదటి రెండు భాగాల్లో ఆడవాళ్లని చూసే చూపు చాలాచోట్ల వెగటుగా ఉంటుంది. అది పాత్రల చూపా రచయిత చూపా అంటే, స్తెఫానియా భాగం ఉంది కాబట్టి కొంత పాత్రలదే అని నేనంటాను, అన్నిచోట్లా ఆ సమర్థన నిలబడుతుందని మాత్రం అనను. మీరు చదివి మీకేమనిపించిందో అదే పట్టుకోండి, గొప్ప నవల అని మన అభ్యంతరాల్ని మింగేసుకోవాల్సిన అవసరం లేదు.

మ్యాప్, ఆ తర్వాత

చదువుతున్నంతసేపూ ఫోన్‌లో విల్నియస్ మ్యాప్ తెరిచి ఉంచితే బాగుంటుంది. బురుజు కొండ, నేరిస్ నది, పాత బస్తీ, కొండ దగ్గర్నుంచి పడమటికి సాగే గెదిమినాస్ అవెన్యూ చూసుకోండి. సోవియట్ రోజుల్లో దాని పేరు లెనిన్ అవెన్యూ. అదే దారిలో లుకిష్కెస్ చౌకు వస్తుంది, అక్కడి లెనిన్ విగ్రహాన్ని 1991 ఆగస్టులో తీసేశారు. చౌకుకి ఎదురుగా ఉన్న భవనం కేజీబీది, ఇప్పుడు మ్యూజియం, అక్కడ చంపబడినవాళ్ల పేర్లు బయటి గోడ రాళ్లమీద చెక్కి ఉన్నాయి. పాత్రలు నడిచే నేల ఎంత చిన్నదో, ఎవరూ ఎవరికీ కనపడకుండా ఉండటం ఎంత కష్టమో మ్యాప్‌లో చూస్తే వెంటనే తెలుస్తుంది.

పుస్తకం పూర్తయ్యాక వెంటనే ‘సన్-జూ’ పట్టుకోకండి, కొన్నాళ్లు ఆగండి. గావెలిస్ చనిపోయిన 2002లోనే అది వచ్చింది, స్వాతంత్ర్యం తర్వాతి విల్నియస్ మీద కూడా ఆయన కోపం చల్లారలేదని అందులో కనిపిస్తుంది. పాలకులు మారారు, డబ్బొచ్చింది, మనిషి లోపలి సంగతి మాత్రం ఆయన ఇంకా వదల్లేదు. తొంభైల్లో పత్రికల్లో వ్యాసాలు రాస్తున్నప్పుడు కూడా కొత్త దేశాన్ని ముద్దు చేయలేదు.

‘పోకర్’ రెండోసారి చదవాలనిపిస్తే మొదటి పేజీ నుంచి కాకుండా స్తెఫానియా భాగం ముందు చదివి, ఆ తర్వాత వర్గలీస్ దగ్గరికి వెళ్లండి. మొదటిసారి మీరు పట్టించుకోకుండా దాటేసిన ఆమె ఈసారి ప్రతి గదిలోనూ కనిపిస్తుంది.